అటుకుల సంచి వెనక రాసినది

మండవల్లి దాటి కొల్లేటి వైపు నాలుగు కిలోమీటర్లు వెళ్తే రోడ్డుకి రెండు పక్కలా చేపల చెరువులే. ఆ చెరువుల నడుమ అక్కడో చేను, ఇక్కడో చేను ఇంకా వరితో మిగిలి ఉన్నాయి. అలా మిగిలిన వాటిలో ఎకరంన్నర వెంకటనరసమ్మది. రోడ్డు దిగి ఒక చెరువు గట్టు వెంట నడిస్తే ఆ చేను, దాన్ని ఆనుకుని రేకుల షెడ్డు, షెడ్డులో అటుకుల మిషను. నానబెట్టిన వడ్లు వేడి ఇసుకలో వేగుతుంటే ఆ వాసన గట్టు చివరిదాకా వస్తుంది. వాసన కంటే ముందు ఆవిడ గొంతు వస్తుంది.

ఆవిడకి యాభై ఆరేళ్ళు. ఊళ్ళో ఎవరితోనూ పడదు. తిట్టడం ఆవిడ పద్ధతి కాదు, ‘అండీ’ అంటూనే మనిషిని కడిగేస్తుంది. "మీరు పెద్దవారండీ, చూపు ఆనకపోవచ్చు. ఆ తీగ తెగి నెలయింది" అని లైన్‌మన్‌తో నలుగురిలో అంటుంది. వడ్లు కొనడానికి వచ్చిన వ్యాపారిని "మీ తూకం మీద నాకు నమ్మకం ఉందండీ, ఎప్పుడూ ఒక్కవైపే మొగ్గుతుంది" అని పంపేస్తుంది. అటుకులు మాత్రం బాగుంటాయి. పల్చగా, విరగకుండా, ఇసుక పంటి కింద తగలకుండా ఉంటాయి. ఏడేళ్ళుగా ఏలూరులోనూ తాడేపల్లిగూడెంలోనూ వాటిని అడిగి కొనుక్కునేవాళ్ళు ఉన్నారు.

రెండేళ్ళ క్రితం ఆవిడ కూతురు హర్షిణి ఆ అటుకులకి రంగుల సంచి చేయించింది. హర్షిణి తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతుంది. సంచి వెనక నాలుగు వాక్యాలు తనే రాసింది. "కొల్లేటి తల్లి ఒడిలో మూడు తరాల సంప్రదాయం. ఊరంతా చెరువులైపోయినా ఒక్క అమ్మ వరిని వదల్లేదు. అందరూ వద్దన్నా ఎదిరించి ఎకరంన్నర కాపాడింది. ఆ అమ్మ చేతి అటుకులివి." జనానికి అది నచ్చింది. ఒకావిడ చదివి కళ్ళు తుడుచుకుందని కూడా హర్షిణి చెప్పింది. విని వెంకటనరసమ్మ మిషను వైపు తిరిగింది.

చేనుకి తూర్పున ఉన్న ఆరెకరాల చెరువు ఆవిడ మరిది సుబ్బరాజుది. నిరుడు ఎండాకాలంలో అతను చెరువుని వెడల్పు చేశాడు. చెరువుకీ చేనుకీ మధ్య, చెరువులోంచి దిగే ఊట నీరు లాగడానికి బోదె అనే సన్న కాలువ ఉండేది. గట్టు జరిపినప్పుడు ఆ బోదె పూడిపోయింది. వానాకాలపు సార్వా పంట సగం చేను మేర పసుపుబారి, మొదళ్ళు కుళ్ళిపోయాయి. వెంకటనరసమ్మ వెళ్ళి అడిగితే సుబ్బరాజు మేత బస్తాల పక్కన కుర్చీలోంచి లేచి నిలబడి, ఎంతో మర్యాదగా జవాబిచ్చాడు.

"గట్టు మాదండీ వదినగారూ, మేం కట్టుకున్నాం. నీళ్ళకి గీత గీయగలమా చెప్పండి? ఆ ఎకరంన్నరా నాకిచ్చేస్తే మీకూ గొడవ ఉండదు, నాకూ ఉండదు."

"నా శవం మీద చెరువు తవ్వుకోవయ్యా" అని వచ్చేసింది ఆవిడ.

ఆ పంట దెబ్బతిన్నాక తన వడ్లు చాలక తాడేపల్లిగూడెం మిల్లు దగ్గర సగం వడ్లు కొనడం మొదలుపెట్టింది. సంచి వెనక మాత్రం పాత వాక్యాలే ఉన్నాయి. కొన్నాళ్ళకి ఆవిడ ఇంకో పని కూడా చేసింది. ఏలూరులో అటుకులు కొనే ప్రతి మనిషికీ సుబ్బరాజు సంగతి చెప్పడం మొదలుపెట్టింది. మరిది తన చేను ముంచుతున్నాడని, పచ్చని పొలాలు తినేసే మనిషని పేరు పెట్టి మరీ చెప్పింది. ఆ మాట తిరిగి తిరిగి ఊరికి చేరింది.

ఏలూరులో ఒక కల్యాణ మండపంలో ప్రతి ఆదివారం చిన్న వ్యాపారాల ఆడవాళ్ళ సంత జరుగుతుంది. దాన్ని నడిపేది జ్ఞానప్రసూనాంబగారు. ముప్ఫై ఏళ్ళు తెలుగు టీచరుగా చేసి రిటైరయ్యారు. అక్కడ ఆవిడ మాటే చెల్లుతుంది. వస్తువు మీద ఏం రాసినా దానికి నిలబడి జవాబు చెప్పగలగాలన్నది ఆవిడ నియమం.

ఒక ఆదివారం, సంత నిండుగా ఉన్న వేళ, సుబ్బరాజు ఇస్త్రీ చొక్కా వేసుకుని లోపలికి వచ్చాడు. వెంకటనరసమ్మ బల్ల ముందు ఆగి ఒక సంచి కొన్నాడు. వెనక్కి తిప్పి, అందరికీ వినిపించేలా చదివాడు. చదవడం అయ్యాక చుట్టూ చూశాడు.

"బాగా రాశారండీ వదినగారూ. ఒక్క ముక్క మర్చిపోయారు. మన చేలల్లో మొదటి చెరువు ఎవరు తవ్వించారో రాయలేదు."

ఆవిడ చెయ్యి తూకం మీదే ఆగిపోయింది.

"వెళ్ళు సుబ్బరాజూ. ఇది నీ మేత కొట్టు కాదు."

"వెళ్తానండీ. పదిహేనేళ్ళ క్రితం మా అన్నయ్య ముందు నిలబడి, చెరువు తవ్వకపోతే పుట్టింటికి పోతానన్నది మీరు కాదా అండీ? అన్నయ్య ఎంత చెప్పినా విన్నారా? అన్నయ్య పోయాక ఆ ఆరెకరాల చెరువూ నాకు అమ్మింది మీరే. ఇప్పుడు నేను చేలు మింగేవాణ్ణని ఊరూరా చెబుతున్నారట. మీరు తవ్వించి ఇచ్చిన చెరువే కదండీ అది."

కొనడానికి నిలబడ్డ ఇద్దరు ముగ్గురు సంచులు బల్ల మీద పెట్టేశారు. కాలేజీ వయసు అమ్మాయి ఒకతె "నిజమేనా ఆంటీ?" అని అడిగింది. వెంకటనరసమ్మ చేతికందిన అటుకుల గిన్నె తీసి సుబ్బరాజు మీదకి విసిరింది. అటుకులు అతని చొక్కా మీద, నేల మీద, పక్క బల్ల మీది అప్పడాల మీద పడ్డాయి. అతను చొక్కా దులుపుకుని, "వస్తానండీ వదినగారూ" అని అందరికీ నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

జ్ఞానప్రసూనాంబగారు వచ్చి కింద పడ్డవన్నీ ఆవిడ చేతే ఊడిపించారు. తర్వాత అడిగారు.

"ఆయన చెప్పింది అబద్ధమా?"

"వాడు నా చేను ముంచాడండీ."

"నేను అడిగింది అది కాదమ్మా."

వెంకటనరసమ్మ ఊడ్చిన అటుకులు గిన్నెలోకి ఎత్తడం మొదలుపెట్టింది.

"వచ్చే వారం మీరు రావద్దు" అన్నారు టీచరుగారు. "ఒక నోటు పుస్తకం తీసుకోండి. ఈ పని ఎందుకు చేస్తున్నారో రాయండి. నాకు చూపించక్కర్లేదు, మీ కోసం రాసుకోండి. అబద్ధం లేకుండా ఒక పేజీ నిండిన రోజున రండి, బల్ల ఇస్తాను. అప్పటిదాకా ఈ సంచి ఇక్కడ కనిపించకూడదు."

"నేనేం బళ్ళో పిల్లనా అండీ, కాపీ రాయడానికి?"

"బళ్ళో పిల్లలు గిన్నెలు విసరరు" అన్నారు ఆవిడ.

సుబ్బరాజు అన్న మాటలు అమ్మ కంటే ముందే ఫోన్లలో హర్షిణికి చేరాయి. ఆ సాయంత్రం బస్సు దిగి, బ్యాగు భుజానే ఉంచుకుని గట్టు మీద నడిచి వచ్చింది. షెడ్డు గుమ్మంలోనే నిలబడిపోయింది.

"చెరువు నాన్న తవ్వించారని చెప్పావు నాకు. నువ్వు వద్దంటే వినలేదని చెప్పావు. ఆ ఎకరంన్నరా నువ్వే పట్టుబట్టి ఉంచావన్నావు."

"అప్పుడు నువ్వు హాస్టల్లో ఉన్నావు. నీకేం తెలుసు?"

"ఏమీ తెలియదు కాబట్టే నువ్వు చెప్పింది నమ్మాను. నాన్న పోయి పదకొండేళ్ళు. పదకొండేళ్ళూ నాన్న మీద లోపల కోపం పెట్టుకున్నాను, తెలుసా? పొలాలు పాడు చేశారని. ఆయన ఫోటో చూసినప్పుడల్లా అదే గుర్తొచ్చేది. ఆ ఎకరంన్నర ఎవరు ఉంచారమ్మా? నిజం చెప్పు."

వెంకటనరసమ్మ పొయ్యిలో ఊక ఎగదోసింది. "మీ నాన్నే" అంది. "ఇంటి తిండికి ఇదైనా ఉండనీ అని కాళ్ళా వేళ్ళా పడితే వదిలాను."

"మరి నా చేత ఇదంతా ఎందుకు రాయించావు?"

"నేను రాయమన్నానా? నువ్వే రాసుకున్నావు. అమ్మ, తల్లి, ఒడి, తరాలు అంటూ. అటుకులు మొదలెట్టి ఏడేళ్ళే అయితే మూడు తరాలు ఎక్కణ్ణుంచి వచ్చాయి? అది నా అబద్ధమా నీ అబద్ధమా?"

హర్షిణి ముఖం తెల్లబోయింది. అమ్మ ఎప్పుడూ ఇంతే, చిక్కినప్పుడు ఎదుటివాళ్ళ తప్పు పట్టుకుంటుంది. అయితే ఆ మాటలో నిజం ఉంది. అందుకే ఇంకా మండింది.

"సరే. నాది కూడా అబద్ధమే. ఇక నీ సంచి మీద ఒక్క అక్షరం రాయను. నువ్వే రాసుకో" అని వచ్చిన దారినే తిరిగి వెళ్ళిపోయింది.

వెంకటనరసమ్మ రెండు రోజులు మిషను ఆపలేదు. మూడో రోజు కైకలూరులో ఒక నోటు పుస్తకం కొంది. మర్నాడు పొద్దున పని మొదలుకాక ముందే గుమ్మంలో కూర్చుని రాసింది. కోపంగా రాసింది కాబట్టి త్వరగా సాగింది. నాలుగు పేజీలు నిండాయి. ఆ తర్వాత రోజు తీసి చదువుకుంటే ఆవిడకే విచిత్రంగా తోచింది. సుబ్బరాజు పేరు పంతొమ్మిది సార్లు ఉంది. అటుకులు అన్న మాట ఒక్కసారి కూడా లేదు. ఆ పేజీలు చింపి పొయ్యిలో వేసింది.

మళ్ళీ రాసింది. ఈసారి నత్తనడక. ఆ రోజుల్లో తనకి వరి అంటే విసుగు పుట్టిందని రాసింది. కోతకొచ్చిన పైరు తుఫానుకి పడిపోతే, ఆ బురదలో కంకులు ఏరుకున్న సంవత్సరం గురించి రాసింది. కైకలూరులో తన తోడికోడలి పుట్టింటివాళ్ళకి చెరువులు ఉండేవని, పెళ్ళిళ్ళలో వాళ్ళకి ముందు వరసలో కుర్చీలు వేసేవారని, తనకీ ఆ కుర్చీ కావాలనిపించిందని రాసింది. ‘ఆయన వద్దన్నారు, నేను వినలేదు.’ ఈ రెండు మాటలు రాయడానికి ఒక పూట పట్టింది.

అటుకులు ఎలా మొదలయ్యాయో కూడా రాసింది. అదేమీ పట్టుదల కథ కాదు. కోసి కుప్ప వేసిన వడ్లు వానకి తడిస్తే వ్యాపారి తీసుకోనన్నాడు. తడిసిన వడ్లు ఏం చెయ్యాలో తెలియక తాడేపల్లిగూడెంలో ఒక అటుకుల మిల్లుకి తోలింది. అక్కడ మిల్లులో నానబెట్టిన వడ్లు చూసి, ఈ పని నేనూ చెయ్యగలననుకుంది. అంతే.

ఇక మిగిలింది ఒక్కటే. ఇప్పుడు ఎందుకు చేస్తున్నట్టు? ‘ఈ చేను పోకూడదని’ అని రాసింది. రాసిన వెంటనే దానమ్మ గుర్తొచ్చింది.

దానమ్మకి ఒకప్పుడు వెంకటనరసమ్మ చెరువు పక్కనే సొంత చేను ఉండేది. చెరువు తవ్విన రెండో ఏడాదికి ఊట పట్టి అందులో వరి పండలేదు. దానమ్మ అమ్ముకుని ఊరొదిలి వెళ్ళింది. ఇప్పుడు కైకలూరులో చేపల ప్యాకింగు షెడ్డులో పని చేస్తోందని వెంకటనరసమ్మకి తెలుసు. ఇన్నేళ్ళుగా తెలిసీ అటువైపు వెళ్ళలేదు.

వెళ్ళేసరికి దానమ్మ పీట మీద కూర్చుని ట్రేలలో చేపల మీద ఐసు పొడి దట్టిస్తోంది. అరవై దాటాయి. తల ఎత్తి చూసింది, లేవలేదు.

"ఏమండీ ఇలా వచ్చారు? మళ్ళీ ఎక్కడైనా గట్టు వేస్తున్నారా?"

"నీతో మాట్లాడాలని వచ్చాను దానమ్మా."

"మాట్లాడండి. చెయ్యి ఆపితే మేస్త్రీ ఊరుకోడు."

"నీ చేను మా చెరువు ఊటకే పోయింది కదా."

"నన్ను అడుగుతున్నారా, నాకు చెబుతున్నారా?"

దానమ్మ ఐసు తోస్తూనే చెప్పుకుపోయింది.

"మూడుసార్లు వచ్చానండీ మీ ఇంటికి. మీ చేను వైపు బోదె తీయించుకున్నారు. నా వైపు కూడా మూరెడు లోతు బోదె తీయించమని అడిగాను. మీ ఆయన పాండురంగారావుగారు సరే, రేపే మనుషుల్ని పెడతానన్నారు. ఆయనది మంచి మనసు. అప్పుడు మీరు లోపల్నుంచి వచ్చారు. ఏమన్నారో గుర్తుందా?"

"లేదు."

"నాకుంది. ‘గట్టు మాది, మేం కట్టుకున్నాం. నీళ్ళకి గీత గీయగలమా దానమ్మా’ అన్నారు. మీ ఆయన ఇంకేం మాట్లాడలేకపోయారు."

వెంకటనరసమ్మ పక్కనున్న ఖాళీ ట్రే మీద కూర్చుండిపోయింది. నిరుడు సుబ్బరాజు నోట విన్నప్పుడు ఆ మాట ఆవిడ ఒళ్ళు మండించింది. ఎంత పొగరని ఊరంతా చెప్పుకు తిరిగింది. ఆ రోజు ఆ గుమ్మంలో సుబ్బరాజు కూడా ఉన్నాడని ఇప్పుడు గుర్తొచ్చింది. అన్నగారి ఇంట్లో విన్న మాటే దాచుకుని తిరిగి ఇచ్చాడో, తెలియకుండానే అన్నాడో ఆవిడకి అర్థం కాలేదు.

"తప్పు చేశాను దానమ్మా."

"ఎవరికి చెబుతున్నారండీ? ఆ చేను ఇప్పుడు సుబ్బరాజుగారి చెరువు అడుగున ఉంది. వెళ్ళి దానికి చెప్పండి."

"క్షమించమని అడగట్లేదు. మా సంచి మీద ఈ సంగతి రాస్తాను."

దానమ్మ మొదటిసారి చెయ్యి ఆపింది. "నా పేరు మాత్రం రాయకండి. మీ అటుకులు అమ్ముకోడానికి నా ఏడుపు దేనికి?"

మళ్ళీ ట్రేల వైపు తిరిగి ఐసు దట్టించసాగింది.

వారం తిరిగేసరికి వెంకటనరసమ్మ ఒక కాగితం మీద రాసి తాడేపల్లిగూడెం వెళ్ళి కూతురి చేతికి ఇచ్చింది. హర్షిణి స్కూలు గేటు దగ్గరే నిలబడి చదివింది.

"ఈ అటుకులు, నేను ఏడేళ్ళుగా చేస్తున్నాను. అంతకు ముందు మా ఇంట్లో ఎవరూ చెయ్యలేదు. మా చేలల్లో మొదటి చేపల చెరువు తవ్వించింది నేనే. నా భర్త వద్దన్నారు. ఆ చెరువు ఊటకి పక్కనున్న ఒక చిన్న చేను పోయింది. బోదె తీయించమని అడిగితే తీయించలేదు. ఇప్పుడు అదే ఊట నా చేనుకీ వస్తోంది. చెరువుల నడుమ ఇంకా మిగిలిన చేలు మిగలాలని ఈ పని చేస్తున్నాను. ఈ సంచిలో సగం వడ్లు మావి, సగం మిల్లు దగ్గర కొన్నవి. వెంకటనరసమ్మ."

"ఇది రాస్తే ఎవరు కొంటారమ్మా?"

"కొనకపోతే మానేస్తారు. టైపు చేస్తావా, వేరే ఎవరినైనా అడగనా?"

హర్షిణి అక్షర దోషాలు దిద్ది, ఒక్క మాట కూడా మార్చకుండా టైపు చేసి ఇచ్చింది. అమ్మతో మామూలుగా మాట్లాడటానికి ఇంకా నెల పట్టింది.

కొత్త సంచులు బయటికి రాగానే నాలుగు వైపుల నుంచీ గొడవ మొదలైంది. తాడేపల్లిగూడెంలో పెద్ద కొట్టువాళ్ళు సరుకు వెనక్కి పంపేశారు. తినే వస్తువు మీద పాపాలు రాస్తారా అని ఫోనులో కోప్పడ్డారు. చెరువులున్న చుట్టాలు ఊరి పరువు తీసిందని పెళ్ళి పిలుపులు మానేశారు. సుబ్బరాజుకి అందరికంటే ఎక్కువ మండింది. తను బయటపెట్టిన సంగతిని ఆవిడే అచ్చు వేసుకుంటే, ఇక తను అనడానికి ఏమీ మిగల్లేదు. పైగా ‘అదే ఊట’ అన్న మాట అతనికి తగలవలసిన చోట తగిలింది. రోడ్డు నుంచి షెడ్డుకి వెళ్ళేది అతని చెరువు గట్టు మీదుగానే. అతను దానికి అడ్డంగా ఇనప గేటు పెట్టించాడు.

"మా గట్టు మీద మీ ట్రాక్టరు రాకూడదండీ వదినగారూ. మీరు నడిచి వెళ్ళండి, అభ్యంతరం లేదు."

"నీ ఇష్టం సుబ్బరాజూ. నా ఎకరంన్నర మాత్రం నీకు దక్కదు" అంది ఆవిడ. గిన్నె విసరలేదు కానీ, విసరాలని చెయ్యి దురద పెట్టిందట. ఈ మాట తర్వాత ఆవిడే చెప్పింది.

పది రోజులు వడ్ల బస్తాలు చిన్న దోనె మీద మురుగు కాలువలోంచి తెచ్చుకుంది. పదకొండో రోజున దత్తాత్రేయులుగారు షెడ్డుకి వచ్చారు. ఆయన పౌరోహిత్యం చేస్తారు. షెడ్డుకి అవతలి పక్క ఆయనకి ఒక చిన్న చేను ఉంది. దానికీ రెండు వైపులా చెరువులే, మూడో వైపు ట్రాక్టరు మాత్రం పట్టే సన్న బాట. ఆయన చేతిలో అటుకుల సంచి ఉంది.

"మిగిలిన చేలు మిగలాలని రాశారు. మరి మిల్లు దగ్గర వడ్లు కొంటున్నారేం?" అని అడిగారు. "నా చేలోకి కోత మిషను రాక వరి మనుషులతో కోయించాలి. వ్యాపారి ఇంత లోపలికి రానంటాడు. ఈ ఏడాది చెరువుకి ఇచ్చేద్దామనుకుంటున్నాను. మీరు రాసిన మాట నిజమైతే నా వడ్లు తీసుకోండి. నా చేను గట్టు మీదుగా మీ ట్రాక్టరుకి దారి ఇస్తాను."

ఆవిడ ఏదో అనబోయింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"మీరంటే నాకు సదభిప్రాయం ఏమీ లేదండీ. మీ నోరు నేను ఎరుగుదును. ఇది వడ్ల సంగతి, అంతవరకే."

"అంతవరకే చాలండీ" అంది వెంకటనరసమ్మ.

మిషను ముందు కూర్చుని ఆ సాయంత్రమంతా ఆలోచించింది. సంచి మీద తను రాసిన ఆ ఒక్క వాక్యమే ఇంతవరకు ఉత్త కోరిక. దత్తాత్రేయులుగారు దాన్ని పట్టుకుని నిలదీశారు. మర్నాటి నుంచి గట్ల వెంట తిరిగి, చెరువుల మధ్య మిగిలిన చేలు ఎవరెవరివో తెలుసుకుంది. పదకొండు తేలాయి. కొందరు గుమ్మంలోంచే పొమ్మన్నారు. ఒకాయన, "మీరు మొదలెట్టిన చెరువులకే కదండీ మాకీ గతి" అని వినిపించి మరీ వడ్లు ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. ఆ ఏటి రెండో పంట దాళ్వాకి అయిదు చేల వడ్లు షెడ్డుకి చేరాయి. మిల్లు వడ్లు కొనడం ఆగిపోయింది, సంచి మీద చివరి వాక్యం మారి ఆ అయిదు చేల వడ్లని పడింది.

అప్పుడు ఏలూరు వెళ్ళింది. జ్ఞానప్రసూనాంబగారు సంచి వెనక ఉన్నది నిలబడే చదివారు. "మొదటి వాక్యంలో కామా అక్కర్లేదు" అని, చేతులు కడుక్కునే కుళాయి పక్కన ఒక బల్ల చూపించారు. అందరి కంటే చివరి బల్ల అది. కొనేవాళ్ళు వచ్చి చదివేవారు. ఒకావిడ మొహం చిట్లించి సంచి కింద పెట్టి వెళ్ళింది. ఒకాయన ఊట అంటే ఏమిటని అడిగి, చెప్పిందంతా విని, ఏమీ కొనకుండా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చి రెండు సంచులు తీసుకున్నాడు. మునుపటిలా ఎవరూ కళ్ళు తుడుచుకోలేదు. కొనేవాళ్ళు తగ్గారు, కొన్నవాళ్ళు మాత్రం తర్వాత ఎవరి చేను వడ్లని అడగడం మొదలుపెట్టారు. సుబ్బరాజు గురించి ఆవిడ ఇప్పుడు ఎవరితోనూ ఎత్తదు. అడిగితే మాత్రం, "నేను నేర్పిన పాఠమే వాడు నాకు అప్పజెప్పాడండీ" అంటుంది.

దానమ్మ వచ్చింది ఆ ఎండాకాలంలోనే. ఒక ఆదివారం మధ్యాహ్నం కల్యాణ మండపంలోకి వచ్చి, కుళాయి పక్క బల్ల ముందు నిలబడింది. హర్షిణి కూడా అక్కడే ఉంది. దానమ్మ సంచి అందుకుని హర్షిణికే ఇచ్చింది.

"నాకు చదువు రాదు. వెనకది చదువు."

హర్షిణి చదివింది. ‘ఒక చిన్న చేను’ అన్న చోట దానమ్మ ఆపింది.

"చిన్న చేనేంటి? డెబ్భై సెంట్లు. రెండు పంటలు పండేది. మా ఆయనా నేనూ కూలికి పోయి, రాళ్ళు మోసి కొన్నది. చిన్న చేను అంటే ఎవరిదో కుండీలో మొక్క అనుకుంటారు."

"నువ్వే పేరు వద్దన్నావు కదా దానమ్మా" అంది వెంకటనరసమ్మ.

"అన్నాను. ఇప్పుడు రాయమంటున్నాను. ఈ సంచి చదివినోళ్ళు నిజం ఒప్పుకున్నావిడ అని మిమ్మల్ని మెచ్చుకుంటున్నారంట. ప్యాకింగు షెడ్డులో చెప్పుకుంటున్నారు. చేను పోయింది నాది, మెప్పు మీకా? నా పేరు లేకపోతే మీరు మళ్ళీ మంచోరైపోతున్నారు."

చుట్టుపక్కల బల్లల వాళ్ళు వింటున్నారు. వెంకటనరసమ్మ నోట ఎదురు మాట దాదాపు వచ్చేసింది. హర్షిణి అది చూసి అమ్మ ముంజేయి పట్టుకుంది. పట్టుకోవలసిన అవసరం రాలేదు. ఆవిడ బల్ల కింద నుంచి పెన్ను తీసి ‘ఒక చిన్న చేను’ కొట్టేసి, పైన రాసింది. రాసిందాన్ని పైకి చదివింది.

"దానమ్మ డెబ్భై సెంట్ల చేను."

"రెండు పంటలు పండేదని కూడా."

అదీ రాసింది. దానమ్మ ఆ అక్షరాల వైపు కాసేపు చూసింది. అటుకులు తీసుకెళ్ళమని హర్షిణి సంచి చేతిలో పెట్టబోతే వద్దంది. "ఇవన్నీ ఇలాగే మార్చండి. నేను మళ్ళీ వచ్చి చూస్తాను" అని చెప్పి బస్టాండు వైపు వెళ్ళిపోయింది.

బల్ల మీద ఇంకా నలభై సంచుల దాకా ఉన్నాయి. తల్లీ కూతుళ్ళు ఎదురెదురుగా కూర్చుని ఒక్కొక్కటే దిద్దడం మొదలుపెట్టారు.